బూటు లేసు – కట్టే తీరులు, కట్టులోని లెక్క

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

బూటు లేసు మీద వ్యాసమేమిటి, రాయడానికి విషయాలే కరువయ్యాయా అని ఈ పేజీ తిప్పిన మిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వండి, తప్పులేదు. కాని మన కళాశాలలో రోజూ కొన్ని వందలమంది వంగి లేసు కట్టుకుంటారు గదా, ఆ కట్టు అలాగే ఎందుకుండాలి, ఇంకోలా ఉంటే ఏమవుతుంది అని ఎంతమంది ఆలోచించి ఉంటారు? చిన్నప్పుడు ఎవరో ఒకరు చూపించారు, మనం అలాగే కడుతున్నాం. ఈ చిన్న పనిలో గణితశాస్త్రం ఉంది, భౌతికశాస్త్రం ఉంది. పాదం నొప్పితో బాధపడేవాడికి పైసా ఖర్చులేని ఉపాయమూ ఉంది. ఆ మూడింటినీ నాకు తెలిసినంత మేరకు వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను రైతు కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి. మా ఇంట్లో చెప్పులు తప్ప బూట్లు ఎరుగరు. లేసుల బూటు మొదట తొడిగింది మా అన్నయ్య, ఆ తర్వాత నేను. అయితే తాడు సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. పలుపు, పగ్గం, మోకు, నులక – ఏ తాడుకి ఏ ముడో, ఏది బిగుస్తుందో, ఏది జారుతుందో మా నాన్న చీకట్లో కూడా చెయ్యి పెట్టి చెప్పగలడు. లేసు కూడా తాడే కాబట్టి ఈ విషయం నాకు పరాయిదిగా అనిపించలేదు.

లేసు పుట్టుక

లేసుతో బిగించే బూటు నిన్నమొన్నటిది కాదు. ఆర్మేనియా దేశంలో అరేని అనే ఊరి దగ్గర ఒక గుహలో 2008లో పురావస్తు శాస్త్రజ్ఞులకు ఒక తోలు బూటు దొరికింది. 2010లో దాని వివరాలు ప్రచురించారు. అది సుమారు 5,500 ఏళ్ళ నాటిది. ఒకే తోలు ముక్కని పాదానికి చుట్టి, అంచుల్లో బెజ్జాలు చేసి, తోలు తాడుతో బిగించారు. లోపల గడ్డి కూరి ఉంది. అంటే ఈజిప్టు పిరమిడ్ల కంటే ముందే మనిషి బూటుకి లేసు కట్టుకున్నాడన్నమాట. ఈనాటి బూటులో తోలు మారింది, అట్ట మారింది, లేసు నైలాను అయింది. కాని రెండు అంచుల్లో బెజ్జాలు, వాటిలోంచి ఒక తాడు అనే ఏర్పాటు మాత్రం మారలేదు.

దీనికి దగ్గరి చుట్టం మన ఇళ్ళలోనే ఉంది. నులక మంచం చూడండి. కాళ్ళ వైపు అల్లిక పట్టె దాకా రాదు. అల్లికకీ పట్టెకీ మధ్య కొంత ఖాళీ వదిలి, ఆ ఖాళీలో ఒక తాడుని అటూ ఇటూ తిప్పి లాగి కడతారు. నులక సాగి మంచం ఉయ్యాలలా అయినప్పుడు మంచమంతా విప్పనక్కర్లేదు, ఆ తాడొక్కటి బిగిస్తే చాలు. బూటు లేసు చేసే పని కూడా అచ్చంగా ఇదే.

ఎన్ని విధాలుగా కట్టవచ్చు?

మామూలు బూటుకి పక్కకి ఆరు చొప్పున 12 బెజ్జాలు ఉంటాయనుకుందాం. లేసు ఒక్కో బెజ్జంలోంచి ఒక్కసారే పోవాలి. ఏ వరసలో పోవాలి? మొదటిదానికి 12 అవకాశాలు, రెండోదానికి 11, మూడోదానికి 10... ఇలా 12 × 11 × 10 × ... × 1 = 47,90,01,600. అంతటితో అయిపోలేదు. ప్రతి బెజ్జంలోంచీ లేసు లోపలి నుంచి బయటికి రావచ్చు, బయటి నుంచి లోపలికి పోవచ్చు. అంటే ఒక్కోదానికి రెండేసి చొప్పున 12 సార్లు రెండుని గుణించాలి, అది 4,096. ఈ రెండింటినీ గుణిస్తే 19,61,99,05,53,600 వస్తుంది. దాదాపు 1 లక్షా 96 వేల కోట్లు! నిమిషానికొకటి చొప్పున తిండీ నిద్రా మాని కట్టుకుంటూ పోయినా 37 లక్షల ఏళ్ళు దాటుతుంది.

వీటిలో చాలావాటిని కట్టు అనటానికే వీల్లేదు. అంచులు దగ్గరికి రానిదీ, లేసు చిక్కుపడేదీ ఎవరికి కావాలి? కాబట్టి ఒక నియమం పెట్టుకుందాం. లేసు ప్రతిసారీ ఈ పక్క నుంచి ఆ పక్కకే దాటాలి. లోపలా బయటా అన్న తేడా వదిలేద్దాం. రెండు కొసలూ కలిపి లేసుని ఒకే చుట్టుగా భావిద్దాం. అప్పుడు ఎడమ పక్క ఒక బెజ్జం దగ్గర బయలుదేరితే, కుడి పక్కనున్న ఆరింటినీ 720 వరసల్లో, ఎడమ పక్క మిగిలిన అయిదింటినీ 120 వరసల్లో చుట్టి రావచ్చు. గుణిస్తే 86,400. ముందు నుంచి వెళ్ళినా వెనక నుంచి వచ్చినా చుట్టు ఒకటే గనక సగం చేస్తే 43,200. సెకనుకొకటి చూపించినా పన్నెండు గంటలు పట్టే ప్రదర్శన ఇది. కట్లలో మనకి పనికొచ్చే నాలుగింటిని తీసుకొని పరిశీలిద్దాం.

నాలుగు కట్లు

మొదటిది కత్తెర కట్టు. ఇంగ్లీషు పేరు క్రిస్-క్రాస్. కింది వరసలో లేసు అడ్డంగా పోతుంది. అక్కణ్ణుంచి రెండు కొసలూ ఒకదాన్నొకటి దాటుకుంటూ ఒక్కో వరస పైకెక్కుతాయి. మనలో నూటికి తొంభైమంది కట్టేది ఇదే అంటే అతిశయోక్తి కాదు.

రెండోది అడ్డగీతల కట్టు. పైకి చూస్తే నిచ్చెన మెట్లలా అన్నీ అడ్డగీతలే కనిపిస్తాయి, ఏటవాలు ముక్కలు లోపల దాక్కుంటాయి. అడుగున అడ్డం వేశాక ఒక కొస రెండో వరసలో అడ్డంగా పోయి, అక్కణ్ణుంచి నాలుగుకీ, ఆరుకీ ఎక్కుతుంది. రెండో కొస మూడుకీ, అయిదుకీ పోయి, చివర ఆరు చేరుతుంది. అంటే సరిసంఖ్య వరసలు ఒక కొసకి, బేసిసంఖ్య వరసలు రెండో కొసకి పంచినట్టు.

మూడోది దుకాణం కట్టు. బూట్ల దుకాణంలో త్వరగా ఎక్కించటానికి వాడేది. లేసులో ఒక కొసని అడుగు బెజ్జం నుంచి ఎదుటి పక్క పై బెజ్జానికి ఒక్క ఊపున ఏటవాలుగా పంపేస్తారు. మిగతా బెజ్జాలన్నీ రెండో కొసే ఒక్కతే అటూ ఇటూ తిరిగి పూర్తిచేస్తుంది.

నాలుగోది బో కట్టు. అడుగున అడ్డం వేశాక రెండు కొసలూ ఎదుటి పక్కకి పోవు. ఎవరి పక్కన వాళ్ళు నిటారుగా ఒక బెజ్జం పైకెక్కుతారు. తర్వాత దాటుకుంటారు. మళ్ళీ నిటారుగా ఎక్కుతారు. మళ్ళీ దాటుకుంటారు. పైనుంచి చూస్తే మెడకి కట్టుకునే బో టై ఆకారాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. అందుకే ఆ పేరు.

దేనికి లేసు తక్కువ పడుతుంది?

లెక్క సులువుగా ఉండేందుకు రెండు పక్కల మధ్య వెడల్పు 4 సెం.మీ., వరసకీ వరసకీ మధ్య ఎత్తు 1.5 సెం.మీ. అనుకుందాం. ఇక పైథాగరస్ సిద్ధాంతం చాలు. ఒక వరస పైకి పోయే ఏటవాలు ముక్క 4.272 సెం.మీ., రెండు వరసలు పైకి పోయేది సరిగ్గా 5 సెం.మీ., అడుగు నుంచి పై వరస దాకా పోయే పొడవాటి ముక్క 8.5 సెం.మీ. వస్తాయి.

కత్తెర కట్టు: అడ్డం 1, ఏటవాలు 10. మొత్తం 46.72 సెం.మీ.
అడ్డగీతల కట్టు: అడ్డం 5, ఒక వరస ఏటవాలు 2, రెండు వరసల ఏటవాలు 4. మొత్తం 48.54 సెం.మీ.
దుకాణం కట్టు: అడ్డం 5, ఏటవాలు 5, పొడవాటి ముక్క 1. మొత్తం 49.86 సెం.మీ.
బో కట్టు: అడ్డం 1, నిటారు 6, ఏటవాలు 4. మొత్తం 30.09 సెం.మీ.

(ముడికి కావలసిన కొసలు వీటికి అదనం.)

మొదటి మూడింటిలో లేసు ప్రతిసారీ పక్క మారుతుంది. అటువంటి కట్లన్నింటిలోనూ కత్తెర కట్టే అన్నిటికంటే పొట్టిది అని 1995లో జాన్ హాల్టన్ అనే గణితవేత్త నిరూపించాడు. నిరూపణలోని కీలకం మనం బడిలో చదివిన కాంతి పరావర్తనం లాంటిదే. లేసు ఎదుటి పక్కకి వెళ్ళి వెనక్కి తిరిగేచోట ఒక అద్దం ఉందనుకోండి. వెనక్కి తిరిగే ముక్క అద్దంలో ముందుకే పోతున్నట్టు కనిపిస్తుంది. కత్తెర కట్టులోని వరస ఏటవాలు ముక్కలు రెండూ అద్దంతో కలిపి చూస్తే ఒకే సరళరేఖ అవుతాయి. వాటి పొడవు 8.54. అడ్డగీతల కట్టులో అదే ఎత్తు ఎక్కటానికి అడ్డం ఒకటి, రెండు వరసల ఏటవాలు ఒకటి; అక్కడ గీత వంగుతుంది, పొడవు 4 + 5 = 9. రెండు బిందువుల మధ్య సరళరేఖే అతి దగ్గర దారి. చేనికి అడ్డంపడి పోయేవాడికీ, గట్టు మీద మూల తిరిగి పోయేవాడికీ ఉన్న తేడాయే ఇది.

మరి బో కట్టు? అది ప్రతిసారీ పక్క మారదు గనక హాల్టన్ లెక్కలోకి రాలేదు. 2002లో ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయానికి చెందిన బర్కర్డ్ పోల్‌స్టర్ అనే గణితాచార్యుడు నియమాన్ని కొంచెం సడలించాడు. ప్రతి బెజ్జం నుంచీ కనీసం ఒక ముక్కయినా ఎదుటి పక్కకి పోతే చాలు, రెండోది తన పక్కనే పైకెక్కినా ఫరవాలేదు అన్నాడు. అప్పుడు అన్నిటిలోకీ పొట్టిది, ఎవరూ పెద్దగా వాడని ఈ బో కట్టే అని తేల్చాడు. ‘నేచర్’ పత్రికలో ఈ వ్యాసం అచ్చయింది. ప్రపంచంలో పేరున్న విజ్ఞాన పత్రికకి బూటు లేసు తక్కువ విషయంగా తోచలేదని మిత్రులు గమనించాలి.

దీని ఉపయోగం చెబుతాను. లేసు కొస దగ్గర తెగిందనుకోండి. మిగిలింది కత్తెర కట్టుకి చాలదు. పారెయ్యనక్కర్లేదు, బో కట్టుకి మారిస్తే మన లెక్క ప్రకారం 16 సెం.మీ. పైచిలుకు మిగులుతుంది. ముడికి చాలినంత కొస చేతికొస్తుంది.

దేనికి బలం ఎక్కువ?

పొట్టిది గదా అని అందరం బో కట్టుకే మారిపోవాలా? అక్కడే ఉంది మెలిక. లేసు పని పొదుపుగా ఉండటం ఒక్కటే కాదు, రెండు అంచుల్నీ దగ్గరికి లాగటం. ఒక్కో బెజ్జాన్ని బావి గిలక అనుకోండి. లేసుని ఒక బలంతో లాగితే, ఒరిపిడి లేదనుకుంటే, ప్రతి ముక్కలోనూ అదే బలం ఉంటుంది. అడ్డంగా పోయే ముక్క తన బలమంతా అంచుని దగ్గరికి లాగటానికే ఇస్తుంది. ఏటవాలు ముక్క కొంత భాగమే ఇస్తుంది: వెడల్పుని ముక్క పొడవుతో భాగిస్తే ఎంతో అంత. అంటే 4.272 సెం.మీ. ముక్క 0.936 వంతు, 5 సెం.మీ. ముక్క 0.8 వంతు, 8.5 సెం.మీ. ముక్క 0.47 వంతు. నిటారు ముక్క ఇచ్చేది సున్న.

ఈ విధంగా కూడితే, మన చేతి బలానికి ఎన్ని రెట్లు లాగుడు వస్తుందంటే:

కత్తెర కట్టు – 10.36 రెట్లు
దుకాణం కట్టు – 10.15 రెట్లు
అడ్డగీతల కట్టు – 10.07 రెట్లు
బో కట్టు – 4.75 రెట్లు

చూశారా! లేసు పొదుపులో మొదటి బహుమతి తెచ్చుకున్న బో కట్టు బలంలో సగానికంటే కిందికి పడిపోయింది. ఎవరూ నేర్పకుండా, ఏ లెక్కా వెయ్యకుండా జనం తరతరాలుగా కడుతున్న కత్తెర కట్టే బలంలో ముందుంది. పోల్‌స్టర్ కూడా ఇదే తేల్చాడు: పొట్టిది బో కట్టే అయినా, బలమైనవి మాత్రం వాడుకలో ఉన్న పాతవే.

అయితే వరసల మధ్య దూరం పెరిగితే ఈ క్రమం మారుతుంది. వరసలు 1.5 సెం.మీ. కాక 4 సెం.మీ. ఎడంగా ఉన్నాయనుకుందాం. అప్పుడు కత్తెర కట్టు ఇచ్చేది 8.07 రెట్లే, అడ్డగీతల కట్టు 8.20, దుకాణం కట్టు 8.73. బెజ్జాలు దూరం జరిగేకొద్దీ ఏటవాలు ముక్కలు నిటారుగా తిరుగుతాయి, వాటి పక్కలాగుడు తగ్గిపోతుంది; అడ్డగీతలకి ఆ బాధ లేదు. కాబట్టి దగ్గర బెజ్జాలకి కత్తెర, దూరం బెజ్జాలకి అడ్డగీతలు అని గుర్తుపెట్టుకోవచ్చు.

ఇంకొక్క మాట. ఒరిపిడి లేదనుకున్నాం గాని నిజం బూటులో ఒరిపిడి ఉంది. బెదిరిన ఎద్దుని చేతబట్టి ఆపటం పహిల్వానుకైనా కష్టం. అదే పలుపుని గుంజకి రెండు చుట్లు వేసి పట్టుకుంటే పన్నెండేళ్ళ పిల్లాడైనా ఆపుతాడు. చుట్టు చుట్టుకీ బలం కూడికలా కాదు, గుణకారంలా తగ్గిపోతుందని 18వ శతాబ్దంలో ఆయిలర్ సూత్రం రాశాడు. మా తాతయ్యకి ఆయిలర్ పేరు తెలియదు గాని గుంజకి ఎన్ని చుట్లు వెయ్యాలో తెలుసు. లేసు కూడా ప్రతి బెజ్జం దగ్గరా వంగుతుంది, వంగినచోటల్లా కొంత బలం పోతుంది. అందుకే పై కొసలు ఎంత గట్టిగా లాగినా వేళ్ళ దగ్గర లేసు వదులుగానే ఉండిపోతుంది. వేళ్ళ దగ్గర మొదలుపెట్టి ఒక్కో వరసా బిగించుకుంటూ పైకి రావటమే దీనికి మందు. నులక మంచం తాడు బిగించేవాళ్ళు ఒక్కో మెలికా లాక్కుంటూ రావటం మీరు చూసే ఉంటారు.

పాదానికి తగ్గ కట్టు

ఇంతవరకూ చెప్పింది బూటు లెక్క. ఇక పాదం లెక్క. నిజానికి ఈ వ్యాసం రాయటానికి నన్ను పురికొల్పింది ఇదే.

మా ఊళ్ళో తెల్లవారుజామున కాలవగట్టు మీద పదిహేనుమంది దాకా కుర్రాళ్ళు పరుగెత్తుతారు. కొందరికి పోలీసు కానిస్టేబులు ఉద్యోగం మీద ఆశ, కొందరికి సైన్యం మీద. రెండింటికీ 1,600 మీటర్ల పరుగు ఉంది. ఆ పరుగులో కొన్ని సెకన్లు ఒక ఇంటి బతుకుని మార్చెయ్యగలవు. అయితే వాళ్ళ కాళ్ళకున్న బూట్లలో వాళ్ళ కొలతకి కొన్నవి తక్కువ. అన్నవి తమ్ముడికి, బావవి బావమరిదికి, నిరుడు పరీక్షకి వెళ్ళొచ్చినవాడివి ఈ ఏడు వెళ్ళేవాడికి. నేను పరుగెత్తే బూట్లు కూడా మా అన్నయ్యవే, నాకు ఒక సైజు పెద్దవి. మడమ జారుతుంది, బొబ్బలెక్కుతుంది, వేలి గోరు నల్లబడుతుంది. కొత్త జత కొనమని ఎవరికి చెప్పగలం? కౌలు కట్టాక మిగిలేదెంతో మాకు తెలుసు. కాని లేసు తిప్పి కట్టటానికి డబ్బు అక్కర్లేదు. అందుకే ఈ నాలుగు ఉపాయాలూ శ్రద్ధగా చదవమని కోరుతున్నాను.

మడమ జారుతుంటే: మామూలుగా కత్తెర కట్టు కట్టుకుంటూ చివరి బెజ్జానికి ముందుది దాకా రండి. అక్కడ దాటవద్దు. ప్రతి కొసనీ తన పక్కనే నిటారుగా పైకి తీసుకుపోయి చివరి బెజ్జంలోంచి లోపలికి దూర్చండి. పూర్తిగా లాగెయ్యకండి, రెండు పక్కలా చిన్న చిన్న ఉంగరాలు మిగలాలి. ఇప్పుడు ఎడమ కొసని కుడి ఉంగరంలోంచి, కుడి కొసని ఎడమ ఉంగరంలోంచి దూర్చి, కిందికీ పక్కకీ లాగి ముడెయ్యండి. చీలమండ చుట్టూ బూటు పట్టు దొరుకుతుంది, పాదం ముందుకి జరగదు. పరుగు బూట్లలో చివర కొంచెం వెనక్కి జరిపి ఒక అదనపు బెజ్జం ఉంటుంది. చాలామంది దాన్ని అలంకారం అనుకుని వదిలేస్తారు. అది ఉన్నది ఈ కట్టు కోసమే. మా గట్టు మీద కుర్రాళ్ళకి ఇది చూపించాక వాళ్ళు కాగితపు ఉండలు, గుడ్డపేలికలు మడమ వెనక కుక్కటం మానేశారు.

బొటనవేలి గోరు నల్లబడుతుంటే: ముందు చెప్పిన దుకాణం కట్టుని గుర్తుచేసుకోండి. బొటనవేలి వైపునున్న అడుగు బెజ్జం నుంచి ఒక కొసని ఎదుటి పక్క అన్నిటికంటే పై బెజ్జానికి నేరుగా పంపండి. మిగతా బెజ్జాలు రెండో కొసతో పూర్తిచెయ్యండి. ఆ పొడవాటి కొసని లాగినప్పుడల్లా బొటనవేలి మీద బూటు పైకి లేస్తుంది, గోరుకి ఊపిరి అందుతుంది. అన్నిటికంటే ఎక్కువ లేసు తినేదని మనం చివర నిలబెట్టిన కట్టు ఇక్కడ ముందుకొచ్చింది!

పాదం పైభాగం ఎత్తుగా ఉండి నొప్పి పుడుతుంటే: నొప్పి ఉన్న వరస దగ్గర లేసులు దాటించకండి. అక్కడ రెండు కొసల్నీ తమ తమ పక్కల్లో నిటారుగా ఒక బెజ్జం పైకెక్కించి, ఆపైన మళ్ళీ కత్తెర కట్టు కొనసాగించండి. నొప్పి ఉన్నచోట కిటికీ తెరిచినట్టు ఖాళీ మిగులుతుంది. ఇది బో కట్టులో ఒక మెట్టు అరువు తెచ్చుకోవటమే. పాదమంతా ఎత్తైనవాళ్ళు పూర్తిగా బో కట్టే కట్టుకోవచ్చు. దాని బలహీనతే వాళ్ళకి సుఖం.

ముందుభాగం వెడల్పుగా ఉంటే: చిన్నప్పటి నుంచీ చెప్పుల్లేకుండా పొలంలో తిరిగిన పాదాలు వేళ్ళ దగ్గర విచ్చుకుని ఉంటాయి. అటువంటివాళ్ళు కింది రెండు మూడు వరసల్లో దాటింపులు తగ్గించి, నిటారుగా ఎక్కించి, పైభాగంలో మాత్రం కత్తెర కట్టు బిగించాలి. వేళ్ళకి చోటు దొరుకుతుంది, మడమకి పట్టు ఉంటుంది.

ఏ కట్టయినా సరే, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయంటే లేసు మరీ బిగిసిందని అర్థం. వెంటనే వదులు చెయ్యాలి. మరీ చిన్న బూటుని మాత్రం ఏ కట్టూ సరిచెయ్యలేదు. దాన్ని వదిలెయ్యటమే మేలు.

ముడి సంగతి

ఎంత బాగా కట్టినా ముడి ఊడితే కట్టంతా వృథా. లేసుకి మనం వేసేది ఒక రకం జారుముడి. కొస లాగితే విడిపోవాలి, నడిస్తే విడిపోకూడదు. పీటముడి వేస్తే రాత్రికి పళ్ళతో విప్పుకోవాలి. “ముడెయ్యటం ఎవడైనా ఏస్తాడబ్బాయ్, ఇప్పటానికి వచ్చేట్టు ఏసినోడే తెలిసినోడు” అంటాడు మా తాతయ్య.

కొంతమందికి లేసు రోజుకి నాలుగుసార్లు ఊడుతుంది, కొంతమందికి సాయంత్రం దాకా చెక్కుచెదరదు. కారణం చాలావరకు ముడి వేసే దిశలో ఉంది. మన ముడిలో రెండు అరముడులున్నాయి. మొదటిది కొసలతో వేసేది, రెండోది మడతలతో వేసేది. మొదటిదానిలో ఎడమది కుడిదాని మీదుగా వేస్తే, రెండోదానిలో కుడిది ఎడమదాని మీదుగా రావాలి. అప్పుడు వచ్చేది స్కౌట్లు నేర్చుకునే రీఫ్ ముడి జాతిది. రెండుసార్లూ ఒకే దిశలో వేస్తే వచ్చేది గ్రానీ ముడి, అంటే అవ్వ ముడి. అది తొందరగా వదులవుతుంది. ఏది వేశామో తెలుసుకోవటం తేలిక. మడతలు రెండూ బూటుకి అడ్డంగా, చెరో పక్కకి పడుకుంటే మంచి ముడి. ఒకటి వేళ్ళ వైపు, ఒకటి మడమ వైపు తిరిగితే అవ్వ ముడి. అలా ఉంటే అలవాటంతా మార్చుకోనక్కర్లేదు, మొదటి అరముడి దిశ ఒక్కటి తిప్పి వేస్తే చాలు.

అసలు ముడి ఎందుకు ఊడుతుందన్నది కూడా శాస్త్రజ్ఞులు పరిశీలించారు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీ శాఖలో ముగ్గురు యంత్రశాస్త్ర పరిశోధకులు ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తేవాళ్ళ బూట్లని వేగంగా ఫోటోలు తీసి 2017లో ఫలితాలు ప్రకటించారు. పరుగులో పాదం నేలని తాకినప్పుడు కలిగే అదురు గురుత్వ త్వరణానికి ఏడు రెట్ల దాకా ఉంటుంది. ఆ అదురుకి ముడి కొంచెం కొంచెం సడలుతుంది. కాలు ముందుకీ వెనక్కీ ఊగినప్పుడు వేలాడే కొసలు కొరడాలా విసురుకుని ముడిని లాగుతాయి. ఈ రెండూ కలిస్తేనే ముడి ఊడుతుంది. కూర్చొని కాళ్ళూపినంత మాత్రాన ఊడదు, నిలబడినచోటే నేలని తన్నినంత మాత్రానా ఊడదు. సడలటం మొదలయ్యాక మాత్రం కొన్ని సెకన్లలోనే పూర్తిగా విడిపోతుంది. కాబట్టి కొసలు పొడవుగా వేలాడనీయకుండా లేసుల కిందికి దోపుకోవటం మంచిది. సైకిలు చెయిను దగ్గర, నూర్పిడి యంత్రం బెల్టు దగ్గర పనిచేసేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. అక్కడ వేలాడే లేసు కాలికే ప్రమాదం.

ముగింపు

ఇంతకీ మంచి కట్టు ఏది? లేసు తక్కువైనవాడికి బో కట్టు. బలం కావలసినవాడికి కత్తెర కట్టు. బెజ్జాలు దూరంగా ఉన్నవాడికి అడ్డగీతల కట్టు. గోరు నొప్పి ఉన్నవాడికి దుకాణం కట్టు. ‘మంచిది’ అన్న మాటకి ముందు ‘దేనికి’ అన్న ప్రశ్న లేకపోతే జవాబు రాదు. ప్రయోగశాలలో మన అధ్యాపకులు ఏ కొలతకైనా ముందు ‘ఏ పరిస్థితుల్లో’ అని అడిగేది కూడా ఇందుకే.

రెండో సంగతి. చదువు అంటే పుస్తకంలోదీ, తాడు ముడీ అంటే పొలంలోదీ అని మనలో చాలామంది రెంటినీ వేరుగా పెడతాం. పల్లెల నుంచి వచ్చిన మనకి ఈ వేరు చెయ్యటం వల్ల ఒక నష్టం ఉంది: ఇంట్లో నేర్చుకున్నది చదువు కాదనుకుని దాచుకుంటాం. గుంజకి పలుపు చుట్టటం తెలిసినవాడికి ఆయిలర్ సూత్రం సగం తెలిసినట్టే. ఆ మిగతా సగం నేర్పటానికే గదా కళాశాల ఉన్నది.

ఈ ఏడు వార్షిక క్రీడోత్సవాలకి ముందు విద్యార్థి సంఘం వారు ఒక సాయంత్రం మైదానంలో ఈ కట్లు చూపించే ఏర్పాటు చేస్తే బాగుంటుంది. ఒక పాత బూటు, రెండు రంగుల లేసులు ఉంటే సరిపోతుంది. చూపించటానికి నేను సిద్ధం. పెద్దదైన బూటుతో, నల్లబడిన గోరుతో పరుగెత్తే మిత్రులు ముందుగా రావాలని నా కోరిక.